305 మి.మీ. ట్రస్ టెలిస్కోప్: అనుమానం గొట్టాల మీద, కదిలింది అద్దం

అభిజిత్ నక్షత్రం పక్కన ఎప్సిలాన్ లైరే అనే చిన్న చుక్క ఉంటుంది. బైనాక్యులర్‌లో చూస్తే అది రెండు చుక్కలు. మంచి టెలిస్కోప్‌లో ఆ రెండూ మళ్లీ చెరో రెండుగా విడిపోతాయి. ఒక్కో జంటలోని నక్షత్రాల మధ్య ఎడం సుమారు 2.3 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). 305 మి.మీ. వ్యాసమున్న అద్దం, లెక్క ప్రకారం, 0.4 ఆర్క్ సెకన్ల ఎడమున్న జంటను కూడా విడదీయగలదు. కాబట్టి ఎప్సిలాన్ లైరే దానికి కష్టమైన పని కానే కాదు.

నేను కట్టిన ట్రస్ టెలిస్కోప్‌లో, అంటే మూసిన పెద్ద గొట్టానికి బదులు సన్న గొట్టాల త్రిభుజాలు అద్దాలను పట్టి ఉంచే టెలిస్కోప్‌లో, మొదటి నెలంతా కనిపించింది మాత్రం వేరు. ఆ చుక్క తూర్పున 35 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు నాలుగు నక్షత్రాలూ విడివిడిగా, గాలికి కాస్త వణుకుతూ కనిపించేవి. మూడు గంటలు గడిచి బాగా పైకి ఎక్కాక నాలుగింటికీ ఒకే వైపు తోకలు మొలిచేవి. నక్షత్రం పైకి వెళ్లేకొద్దీ దాని వెలుగు తక్కువ గాలిని దాటి వస్తుంది కనుక బొమ్మ మెరుగుపడాలి. ఇక్కడ చెడిపోయింది. అంటే తప్పు ఆకాశానిది కాదు, పరికరానిదే. మరోవైపు, 20 డిగ్రీల లోపు ఎత్తులో ఉన్న నక్షత్రాలు గుండ్రంగా కాకుండా సాగినట్టు ఉండేవి. అది గాలి వల్లనే అని చాలా రోజులు నమ్మాను. అదీ తప్పేనని తర్వాత తేలింది.

ఆ రెండు లోపాల కారణాలు ఎలా బయటపడ్డాయో, ఎలా సరిచేశానో ఇక్కడ రాస్తున్నాను. ట్రస్ టెలిస్కోప్ కట్టేవాళ్లలో చాలామంది నేను పడ్డ దారిలోనే పడే అవకాశం ఉంది. అందుకే అంకెలన్నీ దాచకుండా ఇస్తున్నాను.

కట్టిన తీరు

వెలుగును పోగుచేసే ప్రధాన అద్దాన్ని నేను గాజు రుద్ది చేసుకోలేదు. పాలిష్, అల్యూమినియం పూత పూర్తయిన అద్దాన్ని తీసుకున్నాను. వ్యాసం 305 మి.మీ., నాభ్యంతరం (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 1525 మి.మీ., అంటే వ్యాసానికి ఐదు రెట్లు, ఎఫ్/5. అంచు దగ్గర మందం 38 మి.మీ. బోరోసిలికేట్ గాజు, బరువు 5.9 కిలోలు. మధ్యలో లోతు 3.8 మి.మీ. మాత్రమే. చేత్తో తడిమితే బల్లపరుపుగానే అనిపిస్తుంది. (చేత్తో తడమకూడదనుకోండి. పూత లేని వెనక వైపు, అంచులు మాత్రమే పట్టుకోవాలి.)

రెండో అద్దం, అంటే 45 డిగ్రీల వాలులో పైన వేలాడే చదును అద్దం, చిన్న అక్షం మీద 63 మి.మీ. అక్కడి నుంచి ఫోకస్ తలం (బొమ్మ ఏర్పడే తలం) వరకు 235 మి.మీ. దూరం పెట్టుకున్నాను. అలా పెడితే ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) దగ్గర దాదాపు 19 మి.మీ. వెడల్పున పూర్తి వెలుగు పడుతుంది. కంటితో చూడటానికి అది చాలినంత కన్నా ఎక్కువే. ఆ అద్దం అడ్డుపడటం వల్ల పోయే వెలుగు 4 శాతం పైచిలుకు. రెండో అద్దాన్ని నడి అక్షం మీద కాకుండా, ఫోకసర్‌కు (ఐపీస్‌ను పట్టుకుని ముందుకూ వెనక్కూ జరిపే భాగానికి) దూరంగా, ప్రధాన అద్దం వైపుకు 3 మి.మీ. చొప్పున జరిపి అతికించాను. వెలుగు శంకువును 45 డిగ్రీల వాలులో కోసినప్పుడు ఆ కోత నడిబొడ్డు అక్షం మీద పడదు, అందుకే ఈ జరుపు.

కింద 18 మి.మీ. బిర్చ్ ప్లైవుడ్‌తో 330 మి.మీ. ఎత్తున్న అద్దపు పెట్టె. పైన 12 మి.మీ. ప్లైవుడ్ వలయాలు రెండు, వాటి మధ్య నాలుగు సన్నని నిలువు కర్రలు. రెండో అద్దం, ఫోకసర్ అక్కడే ఉంటాయి. దాన్ని పై పంజరం అంటాను. రెంటినీ కలిపేది ఎనిమిది అల్యూమినియం గొట్టాలు. ఒక్కోటి 1070 మి.మీ. పొడవు, రెండేసి కలిసి ఒక త్రిభుజం. అలాంటివి నాలుగు ముఖాలకు నాలుగు. ఈ మొత్తం డాబ్సోనియన్ రాకర్ పెట్టెలో, అంటే పైకీ కిందికీ, పక్కలకూ తిప్పగలిగే చెక్క పీఠంలో కూర్చుంటుంది. టెఫ్లాన్ ముక్కల మీద గరుకు లామినేట్ జారుతుంది, అంతే. మోటార్లు లేవు.

ట్రస్ ఆలోచన పెద్ద టెలిస్కోపుల నుంచి వచ్చింది. అమెరికాలోని పాలొమార్ కొండ మీది 5 మీటర్ల టెలిస్కోప్ కోసం 1935లో మార్క్ సెర్రూరియర్ అనే ఇంజనీరు ఈ త్రిభుజాల కూర్పును రూపొందించారు. ఆయన చేసిన పనిలోని అసలు తెలివి చాలామందికి తట్టదు. గొట్టం వంగకుండా ఆయన ఆపలేదు. అంత బరువున్నదాన్ని ఆపడం సాధ్యమూ కాదు. వంగినా రెండు కొసలూ సమానంగా దిగి, ఒకదానికొకటి సమాంతరంగానే ఉండేలా చేశారు. వంపు ఉంటుంది, దానివల్ల హాని ఉండదు. జాన్ డాబ్సన్ 1960ల నుంచి ప్లైవుడ్, అట్టగొట్టాలతో చేసి చూపిన చవకైన పీఠానికి ఈ ట్రస్‌ను జోడిస్తే మనం ఇంట్లో కట్టుకునే రూపం వస్తుంది. మనది సెర్రూరియర్ కూర్పులో పై సగం మాత్రమే. ఈ ఒక్క విషయాన్ని నేను మొదటే గట్టిగా పట్టుకుని ఉంటే ఆరు వారాలు కలిసొచ్చేవి.

మొదటి అనుమానం, వృథా అయిన పని

మొదట వేసిన గొట్టాలు 19 మి.మీ. వ్యాసం, 1.2 మి.మీ. మందం. పై పంజరాన్ని వేలితో తడితే ఐపీస్‌లో నక్షత్రం మూడు సెకన్ల పాటు వణికేది. అది చూసిన వెంటనే మనసులో తీర్పు పడిపోయింది: గొట్టాలు సన్నం, టెలిస్కోప్ ఎత్తు మారినప్పుడల్లా వంగుతున్నాయి, అద్దాల వరుస తప్పుతోంది. వణుకు కళ్లకు కనిపించే లోపం. కనిపించేదాన్నే నిందించడం సులువు.

25 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. మందమున్న గొట్టాలు తెచ్చి ఎనిమిదీ మళ్లీ కోశాను. కొసల బిగింపు దిమ్మలన్నిటికీ రంధ్రాలు పెద్దవి చేశాను. వంపును తట్టుకునే బిగువు దాదాపు మూడు రెట్లు పెరిగింది. వణుకు రెండు సెకన్లకు తగ్గింది. నక్షత్రాల తోకలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. వెంట్రుకవాసి కూడా మారలేదు.

దాంతో కొత్త బాధ ఒకటి వచ్చింది. ఎనిమిది గొట్టాల బరువు 1.5 కిలోల నుంచి 2.6 కిలోలకు పెరిగింది. గరిమనాభి (మొత్తం బరువు తూకం కుదిరే బిందువు) 20 మి.మీ. పైకి జరిగింది. టెలిస్కోప్‌ను ఎత్తేటప్పుడు, వంచేటప్పుడు తిరిగే, పక్కనున్న అర్ధచంద్రాకారపు చెక్కల కేంద్రం పాత గరిమనాభి దగ్గర ఉంది కాబట్టి, టెలిస్కోప్ కిందికి వంచితే తనంతట తానే ముక్కు వాల్చేది. సరిచేయడానికి అద్దపు పెట్టె అడుగున 1.2 కిలోల ఇనుప పట్టీ బిగించాల్సి వచ్చింది. తూకం లెక్క మనసులో ఉంచుకోదగ్గది: ఈ కొలతల టెలిస్కోప్‌లో పై పంజరానికి 100 గ్రాములు చేరిస్తే అడుగున దాదాపు 280 గ్రాములు పెట్టాలి. పంజరం గరిమనాభికి ఒక మీటరు దూరంలో ఉంది, అడుగు 36 సెంటీమీటర్ల దూరంలో ఉంది. అందుకే పైన వాడే ప్రతి మరనూ తూచి పెట్టమని చెబుతాను. బరువైన ఐపీస్ ఒక్కటి పెడితే చాలు, లెక్క తప్పుతుంది.

ముందే వేయాల్సిన లెక్క

గొట్టాలు మార్చినా ఫలితం లేకపోయాక కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. పై పంజరం బరువు 3 కిలోలు. టెలిస్కోప్ పూర్తిగా అడ్డంగా పడుకున్నప్పుడు, అంటే వంపు అత్యధికంగా ఉండే స్థితిలో, ఆ బరువును మోసేది రెండు పక్క ముఖాల్లోని నాలుగు గొట్టాలు. త్రిభుజం కోణం ప్రకారం ఒక్కో గొట్టం మీద పడే లాగుడు లేదా నొక్కుడు 4 కిలోల లోపు. త్రిభుజంలో గొట్టాలు వంగవు, పొడవునా సాగుతాయి లేదా కుంచించుకుంటాయి. 19 మి.మీ. గొట్టం అంత బలానికి సాగేది 0.01 మి.మీ. కన్నా తక్కువ. కోణం వల్ల అది కొంత పెరిగి, పంజరం కిందికి దిగేది మొత్తం 0.05 మి.మీ. లోపే. దిగినా సమాంతరంగా దిగుతుంది.

ఎఫ్/5 అద్దంలో కోమా అనే తోకల దోషం కంటికి అడ్డం రాని ప్రాంతం చాలా చిన్నది. అక్షం చుట్టూ సుమారు 1.4 మి.మీ. వ్యాసార్ధం. 0.05 మి.మీ. అందులో లెక్కలోకే రాదు. సన్న గొట్టాలే సరిపోయేవి. మరి ఆ తోకలకు ఎన్ని మిల్లీమీటర్ల తప్పు కావాలి? అది ఎక్కడి నుంచి రాగలదు?

అద్దం వాలితే వస్తుంది. అద్దం ఒక పక్క అర మిల్లీమీటరు వెనక్కి ఒరిగిందనుకుందాం. కొలిమేషన్ (అద్దాలను ఒక వరుసలోకి తేవడం) కోసం అద్దం కింద ఉండే బోల్టుల మధ్య దూరం 165 మి.మీ. ఆ వాలు 1525 మి.మీ. పైకి వెళ్లేసరికి అక్షం నాలుగున్నర మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. గొట్టం అర మిల్లీమీటరు దిగితే అర మిల్లీమీటరు తప్పే వస్తుంది. అద్దం అర మిల్లీమీటరు ఒరిగితే దానికి తొమ్మిది రెట్లు. ఈ ఒక్క పోలిక చాలు, అనుమానం ఎటు తిప్పాలో తెలియడానికి.

కొలిచి చూస్తే

లెక్క ఒకటి చెప్పినా కొలత చూడాలి. లేజర్ కొలిమేటర్‌తో రెండు పరీక్షలు వేరువేరుగా చేశాను. వీటిని కలిపేస్తే ఏమీ తెలియదు.

మొదటిది మామూలు లేజర్. ఫోకసర్‌లో పెడితే కిరణం రెండో అద్దం మీద పడి, ప్రధాన అద్దం నడుమ అతికించిన చిన్న కాగితపు వలయం మీదికి దిగుతుంది. టెలిస్కోప్‌ను 80 డిగ్రీల నుంచి 15 డిగ్రీలకు వంచుతూ ఆ ఎర్ర చుక్క వలయంలో ఎంత కదిలిందో చూశాను. లావు గొట్టాలతో 1 మి.మీ. పట్టువదలక పాత సన్న గొట్టాలను మళ్లీ బిగించి కొలిచాను: 1.2 మి.మీ. ఆరు వారాల పని, కిలో అల్యూమినియం, కిలో పైన ఇనుము కలిపి తెచ్చిన తేడా 0.2 మి.మీ. ఆ మిగిలిన 1 మి.మీ.లో కూడా గొట్టాల వాటా ఎంత తక్కువో చివర్లో తెలిసింది.

రెండోది బార్లో లేజర్. లేజర్ ముందు బార్లో కటకం పెడితే కిరణం విచ్చుకుని అద్దం నడుమ ఉన్న వలయాన్ని మొత్తం వెలిగిస్తుంది. ఆ వలయం నీడ వెనక్కి వచ్చి ఫోకసర్ కింద పెట్టిన గుండ్రటి తెర మీద పడుతుంది. లేజర్ తానే కాస్త వంకరగా ఉన్నా ఈ నీడకు ఏమీ కాదు. ప్రధాన అద్దం వాలు మాత్రమే దీన్ని కదుపుతుంది, అదీ అక్షం తప్పిన దూరానికి రెట్టింపుగా. అందుకే నాకు దీని మీద ఎంతో గురి.

35 డిగ్రీల ఎత్తులో నీడను సరిగ్గా నడుమకు తెచ్చాను. టెలిస్కోప్‌ను మెల్లగా ఎత్తాను. 45 దాటేసరికి నీడ నడుమ నుంచి జారడం మొదలుపెట్టింది. 70 డిగ్రీల దగ్గర 9 మి.మీ. పక్కన ఉంది. అంటే అక్షం నాలుగున్నర మిల్లీమీటర్లు తప్పింది, అంటే అద్దం అర మిల్లీమీటరు ఒరిగింది. కాగితం మీది అంకె, తెర మీది నీడ ఒకే మాట చెప్పాయి. కుర్చీలో వెనక్కి వాలి కాసేపు అలాగే ఉండిపోయాను.

ఊరికే తిరిగిన నట్టు

అద్దాన్ని మోసే చట్రం మూడు 8 మి.మీ. బోల్టుల మీద నిలబడుతుంది. ప్రతి బోల్టుకూ ఒక స్ప్రింగు చట్రాన్ని పైకి తోస్తుంది, అడుగున ఉన్న వింగ్ నట్టు దాన్ని కిందికి లాగుతుంది. ఈ రెంటి పోటీలో చట్రం కదలకుండా ఉండాలి. నేను ఎప్పుడూ 35 డిగ్రీల దగ్గరే కొలిమేషన్ చేసేవాణ్ని, ఎందుకంటే అంతకన్నా పైకి ఎత్తితే నట్లు రాకర్ పెట్టె లోపలికి వెళ్లిపోతాయి. అద్దపు పెట్టెకూ రాకర్ అడుగుకూ మధ్య సందులో నా చెయ్యి పట్టదు.

మా అబ్బాయి చెయ్యి పడుతుంది. 70 డిగ్రీల దగ్గర ఆపి, నట్లు ఎలా ఉన్నాయో వేలితో తోసి చూడమన్నాను. పైది బిగుతుగా ఉందన్నాడు. కింది రెండింటి దగ్గరికి వచ్చాక ఒక క్షణం ఆగి, "నాన్నా, ఇది ఊరికే తిరుగుతోంది" అన్నాడు. రెండోదీ అంతే. టెలిస్కోప్‌ను 35కు దించాక అవే నట్లు వేలికి లొంగనంత బిగుతుగా ఉన్నాయి.

విషయం అర్థమైపోయింది. అద్దం, చట్రం కలిపి కదిలే బరువు 7.3 కిలోలు. నిటారుగా ఉన్నప్పుడు ఒక్కో స్ప్రింగు మీద 2.4 కిలోలు పడుతుంది. చట్రం బరువు స్ప్రింగుల తలం కన్నా ముందుకు ఉంటుంది కనుక, ఏటవాలుగా ఉన్నప్పుడు కింది రెండు స్ప్రింగుల మీద ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. నా లెక్కలో అది 70 డిగ్రీల దగ్గర అత్యధికం, సుమారు 2.6 కిలోలు. స్ప్రింగులు విప్పి, ఒక్కోదాన్ని తూకం యంత్రం మీద నిలబెట్టి, చట్రంలో ఉండే పొడవుకు నొక్కి చూశాను. ముల్లు 2.3 కిలోల దగ్గర ఆగింది. అంటే కింద వంచినప్పుడు చట్రాన్ని పట్టుకున్నవి నట్లు, పైకి ఎత్తినప్పుడు మోసినవి స్ప్రింగులు. బరువు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారే ఆ క్షణంలోనే అద్దం ఒరిగింది.

మందు తేలిక. మందపు తీగతో చేసిన, అదే పొడవుకు నొక్కితే 6 కిలోలు తిరిగి తోసే స్ప్రింగులు మూడు వేశాను. అవసరానికి రెట్టింపు పైనే. తిప్పడానికి నట్టు గట్టిగా ఉంటుంది కనుక వింగ్ నట్లు తీసేసి పెద్ద పిడులు పెట్టాను. 8 మి.మీ. బోల్టు మర ఒక చుట్టుకు 1.25 మి.మీ. కదులుతుంది. అక్షం దాదాపు 11.5 మి.మీ. జరుగుతుంది. అరపావు చుట్టుకే 1.4 మి.మీ., అంటే కోమా హద్దు అంతా అరపావు చుట్టులోనే ఉంది. పిడి పెద్దదైతే ఆ అరపావు చుట్టు చేతికి తెలుస్తుంది.

ఇక్కడ చిన్న జాగ్రత్త. స్ప్రింగు ఎంత గట్టిదైతే అంత మంచిదని అనిపిస్తుంది. చట్రం సన్నగా ఉంటే ఆ బలానికి చట్రమే వంగుతుంది. నాది చదరపు ఉక్కు గొట్టంతో వెల్డింగ్ చేసినది కనుక ఇబ్బంది రాలేదు.

రెండో జబ్బు: అద్దం నడుముకు కట్టిన పట్టీ

తోకలు పోయాయి. 20 డిగ్రీల లోపు నక్షత్రాలు మాత్రం ఇంకా సాగే ఉన్నాయి. ఫోకస్‌కు ఈ పక్క నిలువుగా, ఆ పక్క అడ్డంగా. ఇలా దిక్కు మార్చేది ఆస్టిగ్మాటిజం. కంటిలోనే ఆ దోషం ఉండవచ్చు కాబట్టి ముందు తల పక్కకు వంచి చూడాలి. తలతో పాటు సాగుడు తిరిగితే కంటిది, తిరగకపోతే పరికరానిది. నా తలతో తిరగలేదు. 60 డిగ్రీల ఎత్తులో పూర్తిగా గుండ్రంగా ఉంది కనుక అద్దం రుద్దడంలో దోషం కాదు, రెండో అద్దం జిగురు బిగుసుకుని లాగడమూ కాదు. వంచినప్పుడు మాత్రమే వచ్చేదంటే అద్దం బరువును అంచున మోస్తున్నదే దాన్ని పిండుతోంది.

అద్దం వెనక తొమ్మిది బిందువుల మీద ఆనుతుంది. మూడు చిన్న త్రిభుజాలు, ఒక్కోదానికి మూడు మెత్తని ఆనికలు. ఆ బిందువుల చోట్లు ప్లాప్ అనే ప్రోగ్రాంతో లెక్కించుకున్నాను. వెనక వైపు అంత శ్రద్ధ పెట్టి, అంచు దగ్గర మాత్రం 16 మి.మీ. వెడల్పు నైలాన్ పట్టీని ఉయ్యాల లాగా కింది సగం చుట్టూ వేసి ఊరుకున్నాను. అంచు ఆనిక ఎక్కడ ఉండాలన్నది వెనక ఆనికలంత ముఖ్యమని అప్పుడు తెలియదు.

అంచు ఆనిక అద్దం గరిమనాభి తలంలోనే ఉండాలి. ముందు వైపు గుంట ఉంది కనుక ఆ తలం 38 మి.మీ. మందానికి సరిగ్గా సగంలో ఉండదు. నా అద్దానికి వెనక ముఖం నుంచి 18 మి.మీ. నా పట్టీ అంచు వెనక వైపుకు జారి, వెనక ముఖంతో సమంగా కూర్చుంది. పట్టీ నడుమ వెనక ముఖం నుంచి 8 మి.మీ. దగ్గర, అంటే ఉండాల్సిన చోటుకు 10 మి.మీ. వెనక. అద్దాన్ని వంచినప్పుడు పై అంచు ముందుకు తూగుతుంది, కింది భాగం వెనక ఆనికల మీదికి నెట్టుకుంటుంది.

నమ్మకం కుదరక కాగితంతో చూశాను. పలచటి టిష్యూ కాగితాన్ని వేలి వెడల్పు ముక్కలుగా కోసి, అద్దానికీ తొమ్మిది ఆనికలకూ మధ్య ఒక్కోటి పెట్టి, అద్దాన్ని కూర్చోబెట్టాను. 60 డిగ్రీల దగ్గర ఏ ముక్కను లాగినా ఒకేలా బిగుసుకుంది. 15 డిగ్రీలకు వంచి పై త్రిభుజం దగ్గరి ముక్కను రెండు వేళ్లతో పట్టుకున్నాను. లాగాల్సిన పనే లేకపోయింది, చేతిలోకి జారి వచ్చేసింది. కింది త్రిభుజాల దగ్గరి ముక్కలు లాగితే చిరిగాయి. చిరిగిన కొస ఆనిక కిందే ఉండిపోయింది. లెక్క వేస్తే ఆ స్థితిలో పై త్రిభుజం మీద పడాల్సిన మూడో వంతు బరువుకు బదులు 7 శాతమే పడుతోంది. అంత అసమానంగా మోస్తే ఆరు కిలోల గాజు కూడా వంగుతుంది. మనకు కనిపించదు, నక్షత్రానికి కనిపిస్తుంది.

నైలాన్ పట్టీ తీసేసి 1.5 మి.మీ. స్టెయిన్‌లెస్ ఉక్కు తీగతాడు వేశాను. వెనక ముఖం నుంచి 18 మి.మీ. దగ్గర అంచు చుట్టూ పెన్సిలు గీత గీసి, తాడు ఆ గీత మీదే ఉండేలా రెండు చోట్ల చిన్న ప్లాస్టిక్ గూళ్లు పెట్టాను. గాజుకు తగిలే చోట తాడుకు పలచటి ప్లాస్టిక్ గొట్టం తొడిగాను. తాడు కొసలు అద్దపు చట్రానికే కట్టాలి, పెట్టెకు కాదు. పెట్టెకు కడితే కొలిమేషన్ తిప్పినప్పుడల్లా తాడు గీత దాటి జారుతుంది.

దీనితో ఊహించని మేలు ఒకటి జరిగింది. మామూలు లేజర్ చుక్క 80 నుంచి 15 డిగ్రీల వరకు కదిలే దూరం 1 మి.మీ. నుంచి 0.3 మి.మీ.కు తగ్గింది. ఆ మిగతా 0.7 మి.మీ. నైలాన్ సాగడం వల్ల అద్దమే కిందికి దిగిన దూరమన్న మాట. దాన్నీ గొట్టాల ఖాతాలోనే రాశాను ఇన్నాళ్లూ.

కొసల బిగింపు గురించి

గొట్టాలు నిర్దోషులని తేలినా వాటి కొసల దగ్గర రాజీ పడకూడదు. గొట్టం సాగేది మిల్లీమీటరులో వందో వంతు, దిమ్మలో వదులు మాత్రం తేలిగ్గా అర మిల్లీమీటరు ఉంటుంది. నా దిమ్మలు గట్టి చెక్కవి, మధ్యలో చీలిక, బోల్టు బిగిస్తే గొట్టాన్ని చుట్టూ పట్టుకుంటాయి. రంధ్రం అడుగున పలక ఉంది. ప్రతి గొట్టం దాన్ని తాకే వరకు దిగాలి. ఎనిమిది గొట్టాలకూ, ఎనిమిది దిమ్మలకూ 1 నుంచి 8 వరకు అంకెలు వేశాను. అదే గొట్టం అదే దిమ్మలో పడితే, విప్పి కట్టిన తర్వాత కూడా నీడ 3 మి.మీ. లోపలే తిరిగి వస్తుంది. తారుమారు చేస్తే 10 మి.మీ. దాకా పోయింది.

లావు గొట్టాలనే ఉంచేశాను. కొన్న కారణం తప్పే అయినా, గాలి వీచే రాత్రుల్లో 254 రెట్ల వృద్ధి దగ్గర ఆ రెండు సెకన్లకూ మూడు సెకన్లకూ తేడా కన్ను గుర్తుపడుతుంది. కొత్తగా కట్టేవాళ్లకు మాత్రం ఈ పరిమాణానికి 19 మి.మీ. చాలని చెబుతాను. మిగిలిన శ్రమ అద్దపు చట్రం మీద పెట్టండి.

ట్రస్ చుట్టూ వేసే నల్ల గుడ్డ సాగే రకమై ఉండాలి. వదులుగా ఉంటే వంచినప్పుడు జోలెలా వేలాడి వెలుగు దారిలోకి వస్తుంది. అద్దం వెనక 120 మి.మీ. ఫ్యాను ఒకటి పెట్టి, చూడటానికి గంట ముందు నుంచి తిప్పుతాను. ఇంకొకటి, దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు: పగటి వేళ అద్దం మూత తీసి ఎండలో ఉంచకూడదు. చుట్టూ మూసిన గొట్టమే లేని టెలిస్కోప్ కదా, సూర్యుడు కాస్త పక్కన ఉన్నా అద్దం ఆ వేడినంతా ఒకచోటికి చేరుస్తుంది. నల్ల గుడ్డ, ప్లైవుడ్ అంటుకోవడానికి కొన్ని క్షణాలు చాలు. కంటి సంగతి చెప్పనే అక్కర్లేదు. మూత పెట్టాకే బయటికి తీయండి, చీకటి పడ్డాకే మూత తీయండి.

మార్పుల తర్వాత

కొత్త స్ప్రింగులు, తీగతాడు పెట్టాక మొదట పట్టపగలు ఇంట్లోనే బార్లో లేజర్‌తో చూశాను. 15 నుంచి 80 డిగ్రీల వరకు నీడ కదిలింది ఒకటిన్నర మిల్లీమీటరు, అంటే అక్షం 0.75 మి.మీ. హద్దు 1.4. టిష్యూ ముక్కలు 15 డిగ్రీల దగ్గర తొమ్మిది చోట్లా బిగుసుకున్నాయి, కిందివి ఇంకా కొంచెం ఎక్కువగా. తాడు గీతకు అర మిల్లీమీటరు వెనక కూర్చుందేమో, మళ్లీ విప్పినప్పుడు చూడాలి.

ఆ వారం ఆకాశం తేటపడ్డ మొదటి రాత్రి ఎప్సిలాన్ లైరే 35 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిమేషన్ చేసి, తర్వాత పిడులు ముట్టుకోలేదు. అది బాగా పైకి ఎక్కాక 6 మి.మీ. ఐపీస్‌లో నాలుగు చుక్కలు నాలుగు గింజల్లా ఉన్నాయి. ఒక్కో చుక్క చుట్టూ ఒక సన్నని వలయం, జంటల మధ్య నల్లని ఖాళీ. మా అబ్బాయి స్టూలు ఎక్కి చాలాసేపు చూశాడు. దిగాక వాడంతట వాడే రాకర్ పెట్టె సందులో చెయ్యి పెట్టి కింది పిడులు రెంటినీ తోసి చూశాడు. ఒక్కటీ తిరగలేదు.